సాముశాలలో పెద్ద శిష్యుడు

విద్య గురువువలన అబ్బునని లోకమెల్ల చెప్పుకొనుచున్నది. ఆ మాటలో అసత్యము లేదు. అయినను, సాముశాలలోనికి కొత్తగా అడుగుపెట్టిన పదియేండ్ల బాలుని చూపు మొట్టమొదట నిలుచునది గురువైన వస్తాదుమీద కాదు. వస్తాదు వానికి అందని యెత్తున నుండును. ఆయన వెనుకనున్న నలువదియేండ్ల సాధన వాని ఊహకు సైతము చిక్కదు. తనకన్న నాలుగైదేండ్లు మాత్రమే పెద్దవాడై, తన వీధిలోనే పెరిగి, మొన్నమొన్నటివరకు తనవలెనే అడుగులు తడబడి చీవాట్లు తిని, నేడు నూనె పట్టించిన వెదురుకర్రను కంటికి ఆననంత వేగముతో త్రిప్పుచున్న పెద్ద శిష్యునిమీదనే ఆ చూపు నిలుచును. ‘వీనికి వచ్చినది నాకేల రాదు?’ అను ప్రశ్న ఆ క్షణముననే వాని మనస్సులో మొలకెత్తును. నిచ్చెన యెంత పొడవైనదైనను, కాలు మోపవలసినది దగ్గరి మెట్టుమీదనే గదా! రాజ్యములు పోయినను, కోటలు కూలినను మన దేశీయ వీరవిద్యలు నేటివరకు నిలిచియుండుటకు ఈ దగ్గరి మెట్టే ప్రధానకారణమని నా విశ్వాసము.

ఈ విశ్వాసమునకు ఆధారము మన సీమయే. తూర్పుకనుమల పాదముచెంత, విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారిలో, పుణ్యగిరి శివక్షేత్రము చేరువన వెలసిన పట్టణము శృంగవరపుకోట. ఇది విజయనగర సీమలోనిది. ఆ సీమ చరిత్ర ఆయుధముతో పెనవేసికొన్నది. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలికోట మహాయుద్ధమునకు నెలవయ్యెను. 1794 జూలై 10న పద్మనాభమువద్ద విజయనగరప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరి రణభూమిలోనే ప్రాణములు విడిచెను. కాలక్రమమున జమీందారులకు సొంత సేనలతో పని తీరిపోయినది; కత్తులు ఒరలలో తుప్పుపట్టినవి. సాము మాత్రము జనుల చేతులలో మిగిలినది. కోటలో చోటు తప్పిన విద్య గ్రామదేవతల పండుగలలో చోటు సంపాదించుకొన్నది. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున విజయనగరములో జరుగు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవపు సందడిలో పులివేషములతో, తప్పెటగుళ్ళతో పాటు సాముగరిడీవారి విన్యాసములను జనులు నేటికిని గుంపులు కట్టి చూచుచున్నారు.

సాముగరిడీ యనునది ఒక్క విద్య కాదు. అనేక విద్యల కూటమి. దండీలు, బస్కీలు తీసి దేహమును గట్టిపరచుకొనుట, మొగ్గలు వేసి వెన్నును లొంగదీసికొనుట, కర్ర త్రిప్పుట, అటుపిమ్మట కత్తియు డాలును పట్టుట, రెండుకొనల మంట పెట్టిన కర్రను ఒడలికి సోకకుండ త్రిప్పుట, గోదాలో దిగి కుస్తీ పట్టుట, సంగిడిరాయి నెత్తుట, ఇవన్నియు దానిలోని అంగములు. వీనికొక వరుస కలదు. కాళ్లకు స్థిరత్వము రానిదే చేతికి కర్ర రాకూడదు. కర్రమీద అదుపు లేనివాడు కత్తి ముట్టకూడదు. ఈ వరుసను తప్పక నడపవలెనన్న ప్రతి బాలుని అడుగును ప్రతిదినము కనిపెట్టి చూచువాడొకడు కావలెను. ముప్పదిమంది పిల్లలున్నచోట వస్తాదు ఒక్కడు అరువది పాదములను చూడజాలడు. అందుచేత ఆయన చూపు పెద్ద శిష్యుల కన్నులలో పంచియుండును.

కర్రసాములోని తొలిపాఠమును దగ్గరనుండి గమనింపదగును. పెద్ద శిష్యుడు కొత్త కుర్రవానికి వెంటనే కర్ర నీయడు. ముందుగా నేలకు మ్రొక్కించును. పిమ్మట తన కాలి బొటనవ్రేలితో మట్టిలో ఒక గీత గీచి, ఎడమకాలు ముందుకును కుడికాలు వెనుకకును పెట్టించి, మోకాళ్లు కొంచెము వంచించి, ఆ గీతను ఆధారముగా గొని ముందుకు, వెనుకకు, ప్రక్కలకు అడుగులు వేయించును. ఈ అడుగులే కొన్ని వారములు సాగును. తరువాత కర్ర చేతికి వచ్చును. దానితోపాటు మొదటి దోషమును వచ్చును. ఎదుటివాని కర్రకొన ఎటుపోయిన అటు కుర్రవాని కన్ను పరుగెత్తును. కొన వేగము కంటి వేగమును మించినది గనుక కాపు ఎప్పుడును ఆలస్యమే యగును. అప్పుడు పెద్దవాడు, “కర్రేపు సూడకురా తమ్మీ, బుజం సూడు. బుజం కదిలినాకే కర్ర కదుల్తాది” అని చెప్పును. రెండవ దోషము భయమువలన పుట్టునది. దెబ్బ వచ్చుట చూచి కుర్రవాడు కన్నులు మూసికొని నిలువుగా వెనుకకు జరుగును. ఆ జరుగుడుతో వాడు కర్రదారినుండి తప్పుకొనుట లేదు, ఆ దారిలోనే నిలిచియున్నాడు. “ఎనక్కి పోకు, పక్కకి పో” అను చిన్నమాటతో ఆ చిక్కు విడిపోవును. ఈ మాటలు వస్తాదునకు తెలియనివి కావు. కాని ఆయన భయపడి ఎన్నియో యేండ్లు గడచినవి. పెద్ద శిష్యుడు భయపడినది నిన్నగాక మొన్న. ఆ భయము ఎచ్చట పట్టుకొనునో, ఏ మాటకు వదలునో వాడెరిగినంత స్పష్టముగా మరియొకడెరుగడు.

ఈ శిక్షణలో నన్ను అన్నిటికన్న ఆకర్షించునది ఆపిన దెబ్బ. తొలినాళ్లలో పెద్ద శిష్యుడు ‘తల’, ‘భుజము’, ‘మోకాలు’ అని ముందుగా చెప్పి మెల్లగా కర్ర విసరును, చిన్నవాడు కాచుకొనును. కొంతకాలమునకు వేగము హెచ్చును. మరికొంతకాలమునకు చెప్పుట మానును. చిన్నవాని కాపు తప్పినప్పుడెల్ల ఆ కర్ర వాని తలకు బెత్తెడు దూరమున నిలిచిపోవును. చూచువారికి ఇది స్వల్పముగా కనబడవచ్చును గాని, పూర్ణవేగముతో పోవుచున్న కర్రను కోరినచోట నిలుపుటకు మణికట్టు, భుజము, నడుము, పాదములు నాలుగును ఒక్కక్షణమున ఏకము కావలెను; కొట్టుటకు వలసినదానికన్న ఎక్కువ నేర్పు దీనికి వలయును. తగిలిన దెబ్బ బలమును మాత్రమే చూపును. ఆగిన దెబ్బ బలముతోపాటు బుద్ధిని, దయను గూడ చూపును. తన తల తప్పిపోయినది తన నేర్పువలన కాదనియు, అన్నయొక్క అదుపువలననే యనియు చిన్నవానికి తెలియును. భయము పోయినచోట నమ్మకము నిలుచును. మరునాడు వాడు కన్నులు తెరచియే నిలువబడును.

నేర్పువానికి గూడ ఇందు లాభము కలదు. “అన్నా, అక్కడ కాలెందుకు మార్సినావు?” అని చిన్నవాడు అడిగినప్పుడు, ఆ మార్పును వేయిసార్లు చేసియు దాని కారణము నెన్నడును ఆలోచింపని పెద్దవాడు ఒక్కక్షణము ఆగిపోవును. ఆలోచించి చెప్పిన పిమ్మట ఆ అడుగు వానికి నిజముగా స్వాధీనమగును. అభ్యాసమువలన దేహమునకు వచ్చిన విద్య, బోధవలన బుద్ధికి గూడ వచ్చును. దూరదృష్టిగల గురువు శిష్యునకు చిన్నవారిని అప్పగించుటలోని ఆంతర్యమిదే. అది గురువు శ్రమను తగ్గించుకొను ఉపాయము మాత్రము కాదు, శిష్యుని విద్యను పరిపూర్ణము గావించు పాఠము.

వయోబలములనుబట్టి తరగతు లేర్పరచి, ఎవరికి తగిన శ్రమను వారికి విధించుట మనకు కొత్త కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసము మల్లవిద్యను విస్తరించి చెప్పుచు, మల్లులను వారి వయస్సునుబట్టియు బలమునుబట్టియు విభజించి, వారి వ్యాయామమును ఆహారమును వివరించినది. పరదేశములలోను ఈ క్రమము కనబడును. జపానుదేశమున ముందు చేరినవానిని సెంపాయ్ యనియు, వెనుక చేరినవానిని కోహాయ్ యనియు పిలుతురు. వీరి పరస్పరధర్మము ఆ దేశపు విద్యాశాలలన్నిటికిని ఊతకోల. 1882వ సంవత్సరమున టోక్యో నగరమందలి ఒక బౌద్ధాలయములో జిగోరో కానో జూడో విద్యకు కోడోకాన్ శాలను స్థాపించినప్పుడు శిష్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు; మరుసటియేడు తోమితా, సైగో అను ఇరువురు శిష్యులకు ఆయన తొలిపట్టము నొసగెను. జూడో లోకమంతట వ్యాపించుటకు ఆ తొలితరపు శిష్యుల కృషి పునాది.

మన సీమనుండియే వెలసిన మహోదాహరణము కోడి రామమూర్తినాయుడు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పినతండ్రి నారాయణస్వామి పోషణలో పెరిగి, అచ్చటి వ్యాయామశాలలో దేహమును తీర్చిదిద్దుకొన్న ఆ మహాబలుడు ఇనుపగొలుసులను త్రెంచుటయు, ఏనుగును ఱొమ్ముమీద నెక్కించుకొనుటయు జనశ్రుతిలో నిలిచిపోయినవి. లోకము ఆయనను కలియుగభీముడని కొనియాడినది. నన్ను ముగ్ధుని చేయునది ఆ ఘట్టములకు ముందున్న చిన్నఘట్టము. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించుకొని, తాను చదివిన విజయనగరపు ఉన్నతపాఠశాలకే వ్యాయామోపాధ్యాయుడై తిరిగి వచ్చెను. ఏ ఆవరణలో తాను విద్యార్థిగా తిరిగెనో ఆ ఆవరణలోనే తరువాతి తరమునకు దారి చూపెను. సర్కసు కీర్తి, దేశదేశముల సన్మానములు తరువాతివి. 1942లో ఆయన కాలధర్మము నొందెను. శ్రీకాకుళమందలి క్రీడాప్రాంగణము నేటికిని ఆయన పేరు మోయుచున్నది.

ఆ వ్యాయామసంప్రదాయపు గాలి సోకిన నేలనుండియే బరువులెత్తు స్త్రీలును వచ్చిరి. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి బరువులు పట్టినది ఇంటిలోని అక్కలను చూచియే. 1990లో అక్కతోడ జాతీయ శిక్షణశిబిరమునకు ఊరక వెంటబోయిన ఆ బాలికలోని శక్తిని విదేశీశిక్షకుడు లియొనీద్ తారనెంకో గుర్తించెను. పదియేండ్లకు, 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువునెత్తి ఆమె కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన ప్రథమభారతనారి యామెయే. ఇది యుద్ధవిద్య కాకపోవచ్చును. కాని ముందు నడచిన అక్క లేకున్న చెల్లెలికి ఆ దారి కనబడునా?

ఇంత మేలు చేయు పెద్దరికమునకు ఒక అపాయమును కలదు. వయస్సువలన వచ్చిన అధికారము వినయము నెడబాసినప్పుడు హింసగా మారును. నేర్పునెపమున కొట్టుట, సేవ చేయించుకొనుట, చిన్నవాని తప్పును నలుగురిలో నవ్వులపాలు చేయుట, ఇవి పెద్దరికపు వికారములు. ఉన్నతవిద్యాశాలలలో వీనివలన ఎందరి జీవితములు చెడినవో మనమెరుగుదుము. సాముశాల దీనికి విరుగుడును గూడ తనలోనే పెట్టుకొన్నది. అచ్చట పెద్దవాడు చిన్నవానికన్న ముందు వచ్చి గోదా మన్ను త్రవ్వి మెత్తచేయవలెను. నేలకు మ్రొక్కుటలో ఇరువురును సమానులే. అన్నిటిని మించి, వస్తాదు కన్ను చిన్నవాని తప్పుకన్న పెద్దవాని తప్పును ముందుగా పట్టును. ‘వానికి దెబ్బ తగిలినదన్న నీ చేతిలో అదుపు లేదన్నమాట’ అను న్యాయము అచ్చట చెల్లును. హక్కులు తక్కువై బాధ్యతలు ఎక్కువైన పెద్దరికము ఎన్నడును చెడిపోదు.

నేడు ఈ విద్యకు వచ్చిన లోటు ఎచ్చట నున్నది? వస్తాదులు అక్కడక్కడ ఉన్నారు. కర్ర నేర్చుకొన వేడుకపడు పిల్లలు, అందులోను బాలికలు, పెక్కుచోట్ల కనబడుచున్నారు. లోపించుచున్నది నడిమితరము. పదునెనిమిదేండ్లు నిండగనే కుర్రవాడు చదువునకో, కూలికో, కొలువునకో విశాఖపట్టణమునకును హైదరాబాదునకును వెడలిపోవుచున్నాడు. గురువునకును శిశువునకును నడుమనుండవలసిన వాడు ఊరిలో లేడు. విద్య అరువదియేండ్ల చేతినుండి పదియేండ్ల చేతికి నేరుగా దూకవలసి వచ్చుచున్నది. ఆ దూకుడులో చాల భాగము నేలపాలగుచున్నది. ఇట్లున్నను ఆశకు తావు లేకపోలేదు. ఉత్తరాంధ్రమునుండి సైన్యమున చేరినవా రెందరో కలరు. సెలవుమీద ఊరికి వచ్చిన జవాను తెల్లవారుజామున తమ్ముళ్లను నిదురలేపి రోడ్డువెంట పరుగెత్తించి, దండీలు తీయించి, సైన్యప్రవేశపరీక్షకు సిద్ధపరచుట మన యూళ్లలో పరిచితదృశ్యము. పెద్ద శిష్యుని ధర్మము వేషము మార్చుకొని ఇట్లు జీవించియున్నది.

ఆ ధర్మమునకు చేయూత నిచ్చుట మన పని. ఖేలో ఇండియా క్రీడలలో కలరిపయట్టు, గట్కా, థాంగ్‌తా, మల్లఖంబములకు చోటు కల్పింపబడినది. ఆయా ప్రాంతములవారు తమ విద్యను క్రమశిక్షణతో నిలుపుకొన్నందువలన ఆ గౌరవము లభించినది. మన సాముగరిడీకి అట్టి గౌరవము కోరుటకు ముందు, ప్రతియూరిలోను ఒక ఆవరణము, అందులో వారమునకు రెండుదినములైన తప్పక వచ్చు నలుగురు యువకులు కావలెను. పాఠశాలలు పై తరగతివారికి క్రింది తరగతివారిని అప్పగింపవచ్చును. ఉత్సవసంఘములు ఊరేగింపునాడు ప్రదర్శించువారికి మాత్రమే కాక, ఏడాదిపొడుగున పిల్లలకు నేర్పినవారికి సైతము శాలువ కప్పవచ్చును. ఊరు విడిచినవారు పండుగలకు వచ్చినప్పుడు భోజనమునకు మాత్రమే గాక గోదాకును రావచ్చును. ఇవేవియు ధనముతో గాని, ప్రభుత్వాజ్ఞతో గాని పనిలేనివి. తాను నేర్చినదానిని తనకన్న చిన్నవానికి అప్పగింపనంతవరకు తన విద్య ఋణముగానే యున్నదని ఒక్కొక్క యువకుడు తలచిన చాలును. ఆ ఋణము తీర్చుకొనుటలోనే విద్య తరమునుండి తరమునకు నడచును.