కోత పెట్టకుండా కండరంలోకి చూపు

కలిదిండి చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో ఆక్సిజన్ విలువ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోతే పంట పోయినట్టే. మీటరులో కనిపించే అంకె ఏరేటర్లు ఎంత కలిపాయో చెప్పదు, రొయ్యలు ఎంత వాడుకున్నాయో చెప్పదు. వాడకం పోగా నీటిలో మిగిలింది చెబుతుంది. తొడకో పిక్కకో కట్టుకునే కండర ఆక్సీమీటరు చెప్పేదీ అదే: రక్తం తెచ్చినదాంట్లో కండరం వాడుకోగా మిగిలింది.

కండరం శక్తిని అర్థం చేసుకున్న కథలో మన డెల్టా మనిషి ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రావణంలో మాత్రం రంగు ఒక్కసారిగా తేలలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. పరీక్ష చెడిందని పారబోసి ఉంటే కథ అక్కడితో ఆగేది. వాళ్లు వదల్లేదు. ఏదో పదార్థం విడిపోతూ ఫాస్ఫేటును కొద్దికొద్దిగా విడుదల చేస్తోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. పరుగు అందుకున్న తొలి క్షణాల్లో కండరం ఖర్చుపెట్టే శక్తి నిల్వ అది. అయితే ఆ రోజుల్లో దాన్ని చూడాలంటే కండరాన్ని కోయాల్సిందే.

కోయకుండా లోపలి ఆక్సిజన్‌ను చూడటానికి వెలుతురు దారిచ్చింది. చీకట్లో ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి. తెల్లని వెలుగు ఎర్రగా బయటికొస్తుంది. మిగతా రంగుల్ని రక్తం చాలావరకు మింగేస్తుంది, ఎరుపూ పరారుణమూ దాటుకొస్తాయి. పరారుణ కాంతితో మెదడులో, గుండెలో ఆక్సిజన్‌ను బయటినుంచే గమనించవచ్చని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రాన్స్ యోబ్సిస్ 1977లో చూపారు.

దాన్ని ఆటగాళ్ల కండరాల మీదికి తెచ్చినవారిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిటన్ చాన్స్ ముఖ్యులు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో తెరచాప పడవ పందెంలో స్వర్ణం గెలిచిన మనిషి. 1992లో ప్రచురించిన పరిశోధనలో తెడ్డు పడవల క్రీడాకారుల తొడలను పరీక్షించారు. చర్మం మీద ఒకచోట దీపం, మూడు నాలుగు సెంటీమీటర్ల అవతల కాంతి గ్రాహకం. 760 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ వెలుగును ఎక్కువ పీల్చుకుంటుంది, 850 దగ్గర ఆక్సిజన్ మోస్తున్నది ఎక్కువ పీల్చుకుంటుంది. ఈ తేడాయే కొలత. శ్రమ పెరిగేకొద్దీ కండరంలో ఆక్సిజన్ కోలుకోవడానికి పట్టే సమయమూ పెరిగిందని తేలింది.

నన్నడిగితే తెరమీద కనిపించే శాతం కన్నా ఈ కోలుకునే వేగమే విలువైనది. సుబ్బారావు చూసిన ఆ నిల్వ మళ్లీ నిండాలన్నా ఆక్సిజనే కావాలి మరి.

ఎల్ఈడీలు, బ్యాటరీలు వచ్చాక పరికరం అరచేతిలోకి దిగింది. సైకిలు పందెగాళ్లు వాడుతున్నారు. కాలి ధమనులు సన్నబడి నాలుగడుగులకే పిక్క పట్టేసే రోగులను నడిపించి పరీక్షించడానికి పరిశోధకులూ వాడుతున్నారు.

చిక్కులూ ఉన్నాయి. వెలుగు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతుకే అందుతుంది. చర్మం కింద కొవ్వు మందంగా ఉంటే కండరం దాకా చేరేది తక్కువ. కండరంలోని మయోగ్లోబిన్‌నూ రక్తంలోని హిమోగ్లోబిన్‌నూ ఇది విడదీయలేదు. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని మింగుతుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ లోటును ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. ఎండలో చెరువు గట్ల మీద పనిచేసే మన మనుషులకు కండర ఆక్సీమీటరు కట్టే ముందు, వాళ్ల మేనిఛాయ మీదే దాన్ని సరిచూడాలి, ఆ చోట కొవ్వు మందమూ కొలవాలి.