అద్దం కాదు, అచ్చు
ఇంగ్లాండ్‌లో ఏ-లెవెల్‌లో మీడియా స్టడీస్ తీసుకున్న విద్యార్థులకు వార్తాపత్రిక మొదటి పేజీ కూడా పాఠమే. 2017లో బోధన మొదలైన సిలబస్‌లో స్టూవర్ట్ హాల్ సిద్ధాంతం తప్పనిసరి. జమైకాలో పుట్టి, 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి వచ్చిన హాల్ వాదన సూటిగానే ఉంటుంది: మీడియా వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూపదు, దానికో అర్థం కల్పిస్తుంది. వలస వచ్చినవారిని శీర్షికలో 'వరద' అంటే చాలు, మనుషులు ముప్పుగా మారిపోతారు. అయితే పాఠకుడు ఆ అర్థాన్ని ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత కాదనొచ్చు, పూర్తిగా తిప్పికొట్టనూ వచ్చని ఆయన 1973లోనే వివరించారు.

చిక్కల్లా పరీక్షతోనే. అర్థం స్థిరంగా ఉండదన్న సిద్ధాంతాన్నే ఎక్కంలా వల్లెవేస్తే మార్కులు రావచ్చు, చూపు రాదు. వలస కుటుంబంలోని విద్యార్థికి మాత్రం అది వట్టి ప్రశ్న కాదు. ఆ శీర్షికలో ఉన్నది తన ఇల్లే.