ఇంకను రాని మార్కులతో విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుట

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఇటీవల ఒక పెద్దమనిషి వ్రాసినది మమ్ము ఆలోచింపజేసినది. ఆయన కుమార్తె, అల్లుడు ఇంగ్లండులో కాపురమున్నారు. మనుమరాలు అచ్చట మన ఇంటరుకు సమానమగు చదువు చదువుచున్నది. "పరీక్షలు మే నెలలోనట. కాని మార్చిలోనే రెండు విశ్వవిద్యాలయములు పిల్లకు సీటు ఇచ్చినవని మా అమ్మాయి ఫోనులో చెప్పినది. వ్రాయని పరీక్షకు మార్కులెక్కడివి? ఇచ్చినది నిజముగా సీటేనా? సంతోషింపవచ్చునా, ఆగవలెనా?" అని ఆయన ప్రశ్న.

ఇట్టి మనుమలు, మనుమరాండ్రు గల ఇండ్లు నేడు మన ప్రాంతమున అనేకములు. ఇచ్చటినుండియే ఆ దేశమునకు దరఖాస్తు పెట్టు పిల్లలును ఉన్నారు. కావున ఆ పద్ధతి ఎట్టిదో, అందు వివేకముతో ఎన్నుకొను తీరు ఏదో శ్రోతలకు మనవి చేయుదుము.

మన పద్ధతి మనకు తెలిసినదే. ప్రవేశ పరీక్ష ముగియును, ర్యాంకు వచ్చును. ఆ ర్యాంకును ఎదుట పెట్టుకొని, పోయిన సంవత్సరము ఏ కాలేజీలో ఎంతవరకు సీటు వచ్చినదో విచారించి, వెబ్ ఆప్షన్లు వరుసగా నింపుదుము. ఎన్ని కాలేజీలనైనను వ్రాయవచ్చును గాని వరుస మాత్రము తప్పరాదు. బ్రిటనులో ఇది యంతయు తారుమారు. అచ్చట ఎన్నుకొనునాటికి మార్కులు తెలియవు. ఎన్నుకొనదగినవి ఐదు మాత్రమే. ఆ ఐదింటికిని వరుస లేదు. విద్యార్థి మరెక్కడ దరఖాస్తు పెట్టెనో ఆ సమయమున ఏ విశ్వవిద్యాలయమునకును కనబడదు.

దేశమంతటి దరఖాస్తులను స్వీకరించు సంస్థ పేరు యూకాస్. అది 1993లో ఏర్పడినది. ఇంగ్లండులో పిల్లలు పదునెనిమిదవ యేట వ్రాయు పరీక్షలకు ఎ-లెవెల్స్ అని పేరు. సాధారణముగా మూడు విషయములు తీసికొందురు. ఉత్తీర్ణులకు ఎ-స్టార్ మొదలు ఇ వరకు ఆరు గ్రేడులు కలవు. పరీక్షలు మే, జూన్ నెలలలో జరుగును. ఫలితములు ఆగస్టు నడుమ ఒక గురువారమున వెలువడును. దరఖాస్తు గడువులు మాత్రము అంతకు ఎంతో ముందే ముగియును. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలకును, వైద్య, దంతవైద్య, పశువైద్య కోర్సులలో దాదాపు అన్నింటికిని వెనుకటి అక్టోబరు 15. తక్కినవానిలో అధిక భాగమునకు జనవరి.

ఈ కొరతను పూడ్చుటకై ఉపాధ్యాయులు ప్రతి విషయమునకు ఒక గ్రేడును అంచనా వేసి దరఖాస్తుతో పంపుదురు. పరిస్థితులు అనుకూలించినచో ఈ విద్యార్థికి ఇంత వచ్చునని పాఠశాల నమ్ము గ్రేడు అది. దానిని, విద్యార్థి తన గురించి వ్రాసికొన్న విషయమును, ఉపాధ్యాయుల అభిప్రాయమును చూచి విశ్వవిద్యాలయము, "ఎ, ఎ, బి తెచ్చుకొన్నచో నీకు సీటు ఇత్తుము" అని షరతుతో కూడిన మాట ఇచ్చును. కాబట్టి ఆ మనుమరాలికి అందినది చాలవరకు ఇట్టి మాటయే అయియుండును. మాట నిజమైనదే; షరతును తీర్చినచో విశ్వవిద్యాలయము వెనుకకు పోదు. షరతు తీరుట మాత్రము ఆగస్టులోగాని తేలదు.

మరి ఈ అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చును? లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన గిల్ వైనెస్ అను పరిశోధకురాలు 2013 మొదలు 2015 వరకు జరిగిన దరఖాస్తులను పరిశీలించి 2016లో ఒక నివేదిక వెలువరించిరి. మూడు ఉత్తమ విషయములను కలిపి చూడగా, అంచనా సరిగా నిజమైనవారు నూటికి 16 మంది మాత్రమే. నూటికి 75 మందికి అంచనాకన్న తక్కువ వచ్చినది. ఎక్కువ వచ్చినవారు కొద్దిమంది. ఇందులో ఉపాధ్యాయుల దోషమున్నదని తొందరపడి అనుకొనరాదు. తన శిష్యుడు బాగుగా వ్రాయునని గురువు ఆశించుట సహజము. పైగా తక్కువ చూపినచో పిల్లవానికి తలుపు మూసినట్లగునను జంకు కూడ ఉండును.

అయితే ఆ నివేదికలోనే మరియొక మాట కలదు. మిక్కిలి మంచి గ్రేడులు తెచ్చుకొనిన వారిలో, కలిగిన ఇండ్ల పిల్లలకన్న పేదయిండ్ల పిల్లలకు తక్కువ అంచనా పడుట ఎక్కువగా కనబడినది. అనగా అంచనా ఒకరిని అనవసరముగా పైకెత్తును. మరియొకరిని వారి అర్హతకన్న క్రిందనే నిలుపును. ఈ రెండును నష్టమే.

ఊహించిన గ్రేడుల బలహీనత 2020లో దేశమంతటికి తేటపడినది. కోవిడు వలన ఆ యేడు పరీక్షలు రద్దయినవి. ఇంగ్లండులో ఉపాధ్యాయులు ఇచ్చిన గ్రేడులను పరీక్షల నియంత్రణ సంస్థ ఒక గణిత సూత్రముతో సవరించెను. ఆగస్టు 13న ఫలితములు రాగా, నూటికి సుమారు 39 గ్రేడులు ఉపాధ్యాయులు ఇచ్చినదానికన్న తగ్గియుండెను. విద్యార్థులు వీధులకెక్కిరి. నాలుగు దినములలోనే, ఆగస్టు 17న, ఆ సవరణను ఉపసంహరించుకొనిరి. ఫలితములు వచ్చిన పిమ్మటనే ప్రవేశములు జరుపుటకు ప్రభుత్వము 2021లో అభిప్రాయములు సేకరించినను, 2022లో ఆ ఆలోచనను విడిచినది. కనుక ఇప్పటికి ఈ పద్ధతియే నిలిచియున్నది.

అంచనా మీదనే నడువవలసినప్పుడు ఐదు దరఖాస్తులను ఎట్లు పంచుకొనవలెను? మెట్లవలె అమర్చుకొనుట మేలు. ఒక బాలికకు ఎ, ఎ, బి అంచనా వేసినారనుకొందము. ఒకటి రెండు చోట్లు దానికన్న ఒక గ్రేడు పైన, అనగా మూడు ఎ లు అడుగునవి ఉండవచ్చును. రెండు సరిగా ఎ, ఎ, బి అడుగునవి కావలెను. కనీసము ఒకటి మూడు బి లతో తృప్తిపడునది కావలెను. ఐదును పై మెట్టుననే పెట్టుట సాహసము. ఐదును క్రింది మెట్టుననే పెట్టుట పిరికితనము. కొన్ని విశ్వవిద్యాలయములు గ్రేడులను గాక పాయింట్లను అడుగును. ఎ-స్టారుకు 56, ఎ కు 48, బి కి 40, సి కి 32. ఈ లెక్కన ఎ, ఎ, బి కి 136. మూడు బి లకు 120.

గ్రేడు ఒక్కటే చూచినను చాలదు. ఫలానా విషయము చదివియుండవలెనని కొన్ని కోర్సులకు నియమము కలదు. కొన్నింటికి వేరు పరీక్ష, ఇంటర్వ్యూ ఉండును. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో ఒక యేడు ఒకదానికే దరఖాస్తు పెట్టవచ్చును. వైద్యమునకు నాలుగు చోట్లు మాత్రమే. ఐదవది వేరు విషయము కావలెను. కష్ట పరిస్థితులలో చదివిన పిల్లలకు ఒకటి రెండు గ్రేడులు తగ్గించి మాట ఇచ్చు విశ్వవిద్యాలయములు కూడ ఉన్నవి. ఇట్టివి అడిగి తెలిసికొననిచో అర్హులే నష్టపోవుదురు.

సమాధానములన్నియు వచ్చిన పిదప విద్యార్థి రెండింటిని నిలుపుకొని తక్కినవానిని వదలుకొనవలెను. మొదటిది తాను కోరునది. రెండవది, మొదటిది తప్పినచో ఆదుకొనునది. దీనిని బీమా ఎంపిక అనవచ్చును. అనేకులు పొరపడునది ఇచ్చటనే. మొదటిది ఎ, ఎ, బి అడుగుచుండగా రెండవదియు ఎ, ఎ, బి అడుగునదే అయినచో అది బీమా కాదు. ఒక్క గ్రేడు జారినను రెండును ఒకేసారి పోవచ్చును. బీమా ఎంపిక నిజముగా ఒక మెట్టు క్రింద ఉండవలెను. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు: అచ్చట చదువుటకు పిల్లకు ఇష్టము ఉండవలెను. మొదటిది తప్పి రెండవదాని షరతు తీరినచో సీటు అచ్చటనే స్థిరపడును. ఆ ఊరు, ఆ కోర్సు ఎట్లుండునో చూడక పేరు నింపినవారు మూడేండ్లు ఈసురోమనుచు చదువవలసివచ్చును.

రెండు షరతులును తప్పినంత మాత్రమున త్రోవ మూసికొనిపోదు. కొద్దిపాటి తేడా అయినచో విశ్వవిద్యాలయము తనంతట తానే క్షమించి చేర్చుకొనుట కలదు. కాదన్నచో మిగిలిన సీట్లకు క్లియరింగ్ అను ఏర్పాటు ఉన్నది. అది జూలై మొదట ఆరంభమై అక్టోబరు వరకు సాగును. అంచనాకన్న ఎక్కువ వచ్చిన పిల్లలు తమ సీటును వదలుకొని అందు మేలైనదానిని వెదకుకొనవచ్చును. లేదా ఒక యేడు ఆగి, చేతికి వచ్చిన గ్రేడులతో మరల దరఖాస్తు పెట్టవచ్చును. తక్కువ అంచనాకు లోనైనవారికి ఇది మంచి మార్గము.

ఇచ్చటినుండి దరఖాస్తు పెట్టు మన పిల్లలకు ఒక మాట. పండ్రెండవ తరగతి ఫలితములు రాకముందే దరఖాస్తు పెట్టువారికి కాలేజీవారి అంచనా మార్కులే ఆధారము. ఎన్ని మార్కులు కావలెనన్నది బోర్డును బట్టి, విశ్వవిద్యాలయమును బట్టి మారును, ముందుగా విచారించుకొనవలెను. వీసాకు, రుసుములకు సమయము పట్టును గనుక ఆగస్టులో క్లియరింగ్‌పై ఆధారపడుట వారికి కష్టము. బీమా ఎంపిక వారికి మరింత అవసరము.

ఇక మనకు వ్రాసిన పెద్దమనిషికి మా మనవి. అయ్యా, మీరు సంతోషింపవచ్చును. ఊరిలో మిఠాయి పంచుట మాత్రము ఆగస్టు గురువారము వరకు ఆపియుంచుడు. ఈ లోపల ఫోను చేసినప్పుడు ఎన్ని మార్కులు వచ్చునని పిల్లను అడుగకుడు. అది ఆమెకును తెలియదు. "రెండవదిగా ఏది నిలుపుకొన్నావు? అచ్చటికి పోవలసివచ్చినచో సంతోషముగా పోగలవా?" అని అడుగుడు. పోగలనని పిల్ల వెంటనే చెప్పినచో, ఎంపిక సరిగా జరిగినదని మీరు నిశ్చింతగా నిద్రింపవచ్చును. తటపటాయించినచో, గడువు ముగియకమునుపే తల్లిదండ్రులతో కూర్చుండి మరల ఆలోచించుకొనుమని చెప్పుడు.

(ప్రసంగ పాఠము)