వర్తకమున పరిచయ మర్యాద

వర్తకమునకు మూలధనము ముఖ్యమని యెల్లరు నెఱుగుదురు. కాని ధనమెంత యున్నను నలుగురి పరిచయము లేనివాని సరకు కొట్టులోనే మ్రగ్గును. మన భాషలో ‘పరపతి’ యను మాట యొకటి గలదు. అప్పు పుట్టుటకును, పదుగురిలో మాట చెల్లుటకును ఈ యొక్క మాటనే వాడుచున్నాము. ఈ రెండును వేఱు కావనుటకు మన పలాస జీడిపప్పు వ్యాపారమే చక్కని నిదర్శనము.

ఉద్దానపు తోటలలో వేసవి యందు రైతు లేరిన జీడిపిక్కలు పలాస, కాశీబుగ్గల కర్మాగారములకు చేరును. అచ్చట వానిని ఉడికించియో కాల్చియో, పెంకు కొట్టి, పొట్టు తీసి, పరిమాణమును బట్టి వేఱుచేయుదురు. 320 రక మనగా ఒక పౌను తూకమునకు 300 మొదలు 320 వఱకు పప్పులు తూగునది. 210 రకమున 200 మొదలు 210 వఱకే తూగును. అంకె తగ్గిన కొలది పప్పు పెద్దది, వెలయు హెచ్చు. దూరదేశపు వర్తకుడు ప్రతి పప్పును చూడజాలడు. మచ్చును చూచును, పంపినవాని పేరును చూచును. మచ్చు మేలైనదియు, సరకు నాసియు నైనచో, చెడునది ఒక్క బేరము మాత్రము కాదు. పరిచయము చేసినవాని పేరును చెడును.

టెక్కలిలో జీడిపప్పు పొట్లములు కట్టి అమ్మదలచిన యొక యువకుడు పలాసలో నొక యజమానుని చూడబోవుచున్నా డనుకొందము. బస్తాలు తూచు వేళను, లారీ కెత్తు వేళను పోరాదు. పోయినపుడు నమస్కరించి తన యూరు, పేరు, తన్ను పంపినవారి పేరు, వచ్చిన పని నాలుగు మాటలలో చెప్పవలయును. తొలి దినముననే అరువు అడుగరాదు. మొదట కొంచెము సరకు రొక్కమునకు కొని, ఆ పిమ్మట వాయిదా బేరమున కాశింపవలయును. ఒక కొట్టులో విన్న ధర వేఱొక కొట్టులో చెప్పరాదు. దారి చూపిన దళారికి రావలసినది మిగుల్చుకొనుటకై అతనిని దాటిపోరాదు. పని యైనను కాకున్నను, పంపినవారి యొద్దకు మరలిపోయి జరిగినది తెలుపవలయును. పలువురు మఱచు మర్యాద యిదియే.

మఱియొక మాట. పెంకులోని జీడి చేతులను పొక్కించును. ఆ పని చేయు స్త్రీలను పలుకరింపక యజమానునికి మాత్రమే నమస్కరించువాడు ఆ వ్యాపారమున సగమే చూచినవాడు.

పరిచయము చేయుట యనగా నేమి? పౌలు ఫిలేమోనునకు వ్రాసిన చిన్న పత్రికను చదివినవారికిది తెలియును. ఒనేసిమను దాసుని మరల చేర్చుకొమ్మని వేడుచు, అతడేమైన బాకీపడి యున్నచో దానిని తన లెక్కలో వేయుమని పౌలు స్వహస్తముతో వ్రాసెను. పరిచయము చేయువాడు మాట సాయము మాత్రమే చేయుట లేదు, జామీను నిలుచుచున్నాడు. కావున ఎఱుగనివానిని ఎఱిగినట్లు చెప్పుట మర్యాద కాదు, అసత్యము. అట్టి కోరికను మృదువుగా కాదనుటయే మేలు.

పరిచయమునకు గీటురాయి ఆపత్కాలము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను ఈ తీరమున పడి, కొబ్బరిచెట్లను జీడిమామిడి తోటలను కూల్చెను. కూలిన చెట్టునకు మాఱుగా నాటిన మొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. అట్టి వేళ సరకు ఇయ్యలేనివాడు వాయిదా దినము వఱకు దాగియుండక, ముందుగా పోయి చెప్పుటయే అతని ధర్మము. బాకీ రావలసినవాడు తగాదాకు ముందు క్షేమ మడుగుట అతని ధర్మము. అవసరము పడినపుడే గుమ్మ మెక్కువానిని ఎవరును బంధువుగా నెంచరు.

విద్యార్థులారా! ఈ మర్యాద నేర్చుటకు కొట్టు పెట్టుదాక ఆగ నక్కఱలేదు. తోటివాని పుస్తకము తెచ్చుకొన్న దినముననే అది మొదలగును. చెప్పిన నాటికి, చినుగకుండ, కృతజ్ఞతతో తిరిగి యిచ్చుడు. మీ పరపతికి అదియే తొలి పెట్టుబడి యని మేము తలంచుచున్నాము.