పరీక్షల వేళ పుస్తకముల గుట్ట, నిద్రలేని రాత్రి

చైత్రము ప్రవేశించగానే మా వైద్యశాలకు వచ్చువారిలో ఒక మార్పు కనిపించును. మోకాళ్ల నొప్పుల వృద్ధుల నడుమ కళాశాల విద్యార్థులు వచ్చి కూర్చుందురు. జ్ఞాపకశక్తికి మందు కావలెనన్నదే అందరి కోరిక. మా చదువుల కాలమున పెద్ద పరీక్ష ఏటికి ఒక్కసారే. 2015 నుండి మన రాష్ట్రమున డిగ్రీ కళాశాలలలో సైతము సెమిస్టరు పద్ధతి రావడముతో ఈ బాధ ఏటా రెండుమారులు వచ్చుచున్నది. రికార్డులపై సంతకములు, ప్రాజెక్టు నివేదికలు, చదువక మిగిలిన పాఠములు అన్నియు చివరి పక్షము రోజులకే చేరును.

కొన్ని వేసవుల క్రిందట కోనసీమ నుండి ఒక తండ్రి, కాకినాడలో ఇంజనీరింగు చదువుచున్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినారు. చదివినది నిలుచుట లేదు, చేతులు వణుకుచున్నవి, ఆకలి లేదు. నాడి చూచినాను. వాతప్రకోపమని తలచినాను. బయట పదిమంది వేచియుండుటచే, మరేమియు అడుగక సారస్వతారిష్టము వ్రాయబోయినాను.

"అది వాడుతూనే ఉన్నానండీ తాతగారూ" అని ఆ అమ్మాయి సంచిలోనుండి సీసా తీసి చూపినది. అప్పుడు సంచిలోనివన్నియు బల్లపై పెట్టుమన్నాను. టానిక్కు సీసాలు మరి రెండు, జిరాక్సు కాగితముల కట్టలు ఏడు, సగము వ్రాసిన రికార్డులు, ఒకే పాఠమునకు ముగ్గురు స్నేహితురాండ్ర నోట్సులు, రాత్రి టీ కొరకు ఒక ఫ్లాస్కు. రెండు వారములుగా ఆమె రాత్రికి మూడు గంటలకు మించి నిద్రించలేదు.

మనస్సునకు చరకసంహిత రెండు గుణములు చెప్పినది. అది అణువు, అది ఏకము. ఒకే క్షణమున రెండు విషయములను అది పట్టుకొనజాలదు. ఎదుట ఏడు కట్టలున్నప్పుడు ఒకదానిపైనుండి మరొకదానిపైకి దూకుచుండును. పుట తిరుగును, గడియారము తిరుగును, లోపలికి ఏమియు చేరదు. విద్యార్థి దీనిని మతిమరపు అనుకొని మందుకై పరుగెత్తును. అసలు లోపలికే చేరని దానిని మరచుట ఎట్లు? సరస్వతి ఆకు మా కాలువగట్ల వెంబడి కావలసినంత దొరకును, మంచిదే. కాని అది నెలల తరబడి వాడవలసినది గాని పరీక్ష ముందురాత్రి మ్రింగవలసినది కాదు. అరిష్టములలో పులియుటవలన పుట్టిన మద్యాంశము ఉండునని కూడ చాలమంది ఎరుగరు. తోచినప్పుడెల్ల మూతలు నింపి త్రాగుట తగదు.

నిద్ర ఆపుకొనరాని వేగములలో ఒకటి. ఆపినచో ఆవులింతలు, ఒళ్లు నొప్పులు, తలబరువు, కనుల బరువు కలుగును. రాత్రి జాగరణము దేహమును రూక్షము చేసి వాతమును రేపును. చదివినది జ్ఞాపకముగా స్థిరపడుటకు నిద్ర అవసరమని నేటి పరిశోధకులును చెప్పుచున్నారు. నేను గురువుగారి ఇంట చదువుకొను రోజులలో అప్పగింతకు ముందు రెండు రాత్రులు మేలుకొని, తెల్లవారి త్రికటువులోని మూడు ద్రవ్యముల పేర్లు చెప్పలేక నిలిచిపోయినాను. వారు కోపపడలేదు. నా గ్రంథము తీసుకొని అటకపై పెట్టి, చాప చూపినారు.

ఇదంతయు చెప్పుచుండగా ఆ అమ్మాయి మెల్లగా, "అన్నీ ఇక్కడితో ఆగిపోతే బాగుండుననిపిస్తోందండీ" అన్నది. తండ్రిగారిని బయట కూర్చుండమని, "చనిపోవలెనని అనిపించుచున్నదా తల్లీ?" అని సూటిగా అడిగినాను. అవునన్నది. నా మందుచీటీ తొందరలో ఆ మాట వినకుండనే పంపివేసియుందును గదా యని ఇప్పటికిని గుండె ఝల్లుమనును. ఆ సాయంత్రమే రాజమహేంద్రవరములో మానసిక వైద్యునికి చూపించినాము. ఇట్టి మాట బిడ్డ నోట వచ్చినప్పుడు కషాయములతో కాలక్షేపము చేయరాదు. బిడ్డను ఒంటరిగా విడువరాదు. 14416కు ఫోను చేసినచో ప్రభుత్వ టెలీమానస్ సేవ వారు ఉచితముగా మాటలాడుదురు. ఈ సేవ 2022 అక్టోబరులో ఆరంభమైనది.

ఆ చికిత్సతో పాటు నేను చెప్పినవి కొద్ది. వేసవిలో ధవళేశ్వరము నుండి నీరు ఆపి, డెల్టా కాలువలు కట్టివేసి, పూడిక తీయుట మనమెరిగినదే. నీరు పారుచుండగా పూడిక తీయుట కష్టము. అట్లే చివరి పది రోజులు క్రొత్త నోట్సు ఒక్కటియు సేకరించరాదు. ఉన్నవానిలో ఒక్కొక్క పాఠమునకు ఒక్కటి ఉంచుకొని తక్కినవి అట్టపెట్టెలో వేసి మంచము క్రిందికి త్రోయవలెను. బల్లపై ఒక్క పుస్తకము, ఒక్క కాగితము, మంచినీరు. సెల్‌ఫోను వేరొక గదిలో ఉండవలెను.

సాయంత్రము నాలుగు దాటిన పిమ్మట టీ, కాఫీలు వద్దు. రాత్రి భోజనము పెసరకట్టుతోనో, చారుతోనో తేలికగా ముగించవలెను. పడుకొనబోవు ముందు గోరువెచ్చని గేదెపాలు నిద్రకు మేలు. పాలు పడనివారు మానవలెను. విధిలేక ఒకనాడు మేలుకొన్నచో, ఎంతసేపు మేలుకొన్నారో అందులో సగముసేపు మరునాటి ఉదయము ఏమియు తినకముందు నిద్రించవలెనని వాగ్భటుని ఉపదేశము. పరీక్షనాటి ఉదయము ఆ వీలుండదు గనుక ముందురాత్రి జాగరణము అసలే వద్దు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆ తండ్రిగారు రోజుకు మూడుసార్లు ఫోను చేసి ఎంతవరకు చదివితివని అడిగెడివారట. తిన్నావా, పడుకున్నావా అని మాత్రమే అడుగుడని చెప్పినాను. ఆ సెమిస్టరులో అమ్మాయి నాలుగు పరీక్షలు వ్రాసినది. ఐదవది సప్లిమెంటరీకి విడిచినది. అట్లు విడువుమని నేనే చెప్పినాను.

పాదములకు నూనె మర్దన నిద్రకును, కనులకును హితమని మన గ్రంథములు చెప్పుచున్నవి. నువ్వులనూనె శ్రేష్ఠము, ఎండలలో వేడి చేయునని శంకించువారు కోనసీమ కొబ్బరినూనెయే వాడుకొనవచ్చును. పది నిమిషములు చాలును. హాస్టలు దుప్పట్లు మురికియగునని వెరచువారు పాత మేజోళ్లు తొడుగుకొని పడుకొనవచ్చును.