స్ట్రీక్

యాప్‌ను రోజూ తప్పకుండా వాడితే ఒక అంకె పెరుగుతూ పోతుంది. ఒక్కరోజు నాగా పెడితే సున్నాకు పడిపోతుంది. ఈ వరస లెక్కే స్ట్రీక్.

స్నాప్‌చాట్‌లో ఇద్దరు స్నేహితులు 24 గంటల గడువు దాటకుండా వరసగా 3 రోజులు స్నాప్‌లు (ఫొటోలు, వీడియోలు) పంపుకుంటే పేరు పక్కన మంట బొమ్మ వెలుగుతుంది. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం కనిపిస్తుంది. ఇక పిల్లల కంగారు చూడాలి! స్నాప్‌లో కబురేమీ ఉండక్కర్లేదు, చీకట్లో గోడ ఫొటో తీసి పంపినా లెక్కే. ఊరెళ్తే సిగ్నల్ దొరకదేమోనని స్నేహితులకు పాస్‌వర్డ్ ఇచ్చి, స్ట్రీక్ తెగకుండా చూడమని బతిమాలేవాళ్లూ ఉన్నారు.

భాషలు నేర్పే డ్యూయోలింగోదీ ఇదే కిటుకు. కాకపోతే అక్కడ కాస్త దయ ఉంది: ‘స్ట్రీక్ ఫ్రీజ్’ ముందే తీసిపెట్టుకుంటే ఒకరోజు మానేసినా లెక్క చెడదు.

కంపెనీలు చూసుకునేది, నెలలో వచ్చినవాళ్లలో రోజూ వచ్చేవాళ్లు ఎందరని. ఆ నిష్పత్తి బాగుంటే ప్రకటనలకూ చందాలకూ ఢోకా ఉండదు. కొత్తగా వచ్చేదాని మీద ఆశకన్నా, ఉన్నది పోతుందన్న బెంగే మనిషికి ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లోనే చెప్పారు. స్ట్రీక్ నడిచేది ఆ బెంగ మీదే. ఆ బెంగతో రోజూ రావడాన్ని యాప్ మీద అభిమానంగా లెక్కగట్టడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

ఆగని స్క్రోలింగ్, ఆటోప్లేలతో పాటు ఇలాంటి స్ట్రీక్‌లనూ కట్టడి చేయాలని అమెరికా సెనేటర్ జోష్ హాలీ 2019లో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.