క్రైస్తవచిత్రములయందు సరసతయు నీరసతయు

తిరుమల శ్రీవేంకటేశ్వరాలయమున శ్రీకృష్ణదేవరాయలవారివియు, తిరుమలదేవి చిన్నాదేవులవియు లోహప్రతిమలు మూడు గలవు. వాని భుజములపై నామములు చెక్కబడియున్నవి. నామము వ్యక్తిని దెలుపును; భక్తిని దెలుపునది ముకుళితహస్తముల తీరు. దైవవిషయకమగు కళలో గుర్తునకును రసమునకును గల యీ భేదము క్రైస్తవచిత్రములయందును గాననగును.

సిలువ, తేజోవలయము, గొఱ్ఱెపిల్ల యనునవి గుర్తులు. వీనిని జూచినంతనే చిత్రము క్రీస్తుసంబంధమైనదని తెలియును; తెలిసినంతమాత్రమున హృదయము చలింపదు. ఐరోపాచిత్రములను జూచి యచ్చొత్తిన గోడపటములు పెక్కు నీరసములగుటకు గారణ మిదియే. దీనికి దేశీయవేషమే మందని కొందఱు తలంతురు. కాని క్రీస్తునకు గాషాయము గట్టి పద్మాసనమున గూర్చుండబెట్టినచో గుర్తు మాఱునేగాని రసము తనంత పుట్టదు.

తిరుమలకు సమీపముననున్న శ్రీకాళహస్తిలో గలంకారీ పనివారు కరక్కాయరసమును, గేదెపాలును బట్టించిన నూలుబట్టపై వెదురుకలముతో రామాయణభారతకథలను వ్రాయుదురు. నడుమ పెద్దపటము, చుట్టును వరుసలుగా జిన్నపటములు, వానిని దెలుపు తెలుగుపంక్తులు: ఇది వారి సంప్రదాయము. ఇరువదవ శతాబ్దియందు ఆ కలమే క్రీస్తుచరిత్రమునకును వినియోగింపబడెను. ఈ కూర్పు చక్కగా నమరినచో, కన్ను జననము మొదలు సిలువవఱకు వరుసలవెంట ప్రదక్షిణము చేసి నడిమిపటమును జేరును. కథయు, బట్టయు నొక్కటియగును. అచట ప్రాణము వేషమున లేదు, నడకలో నున్నది.

ఇందులకు మెదకు పట్టణమున వేఱొక నిదర్శనము గలదు. 1924లో బ్రతిష్ఠితమైన యచటి చర్చిలోని రంగుటద్దముల గవాక్షములు ఫ్రాంక్ సాలిస్‌బరీ యను నాంగ్లచిత్రకారుని రచనలు. క్రీస్తుని జననము, సిలువ, ఆరోహణము వానియందలి విషయములు. రూపమును వేషమును బాశ్చాత్యములే. అయినను నవి నీరసములు గావు. వెలుపలి పగటివెలుగు గాజునందు బ్రసరించినపుడే యా మూర్తులు ప్రకాశించును. ప్రొద్దుగ్రుంకినపిదప లోపలివారికి గానరావు. వెలుగే యచట కథాంశము. వానినే కాగితముపై నచ్చొత్తించినచో మిగులునది యాకారమాత్రము.

కావున స్వదేశీయమా విదేశీయమా యనుట ద్వితీయప్రశ్న. బట్టగాని, గాజుగాని, లోహముగాని తన స్వభావముచేతనే కథను మోయుచున్నదా యనునది మొదటిపరీక్ష. పాఠశాలలో జిత్రమును జూపి “ఇతడెవరు?” అని మాత్రమే యడిగినచో విద్యార్థి గుర్తును నేర్చును. “ఈ చేతు లిట్లేల యున్నవి? ఈ వెలు గెటనుండి వచ్చుచున్నది?” అని యడిగినచో జూచుట నేర్చును.